అమరావతి స్తూపం రాళ్లు ఎక్కడికి పోయాయి, ఎలా పోయాయి

అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం, చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది గేటు దాటగానే తెల్లబోతారు. గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ నడిచే దారి, అక్కడక్కడ నిలబెట్టిన పలకలు, విరిగిన స్తంభాలు. పుస్తకాల్లో చూసిన శిల్పాలేవీ అక్కడ లేవు. ఎక్కడున్నాయని అడిగితే వచ్చే జవాబు ఒకటే: లండన్ పట్టుకుపోయారు. అందులో నిజం కొంతే. లండన్‌లో కన్నా చెన్నైలో ఎక్కువ రాళ్లున్నాయి. కొన్ని కోల్‌కతాలో, ఢిల్లీలో, పారిస్‌లో ఉన్నాయి. ఎన్నో రాళ్లు సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. రాయి ఊరు దాటడం ఒక నష్టం. ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో రాసిపెట్టకుండా పెకలించడం అంతకన్నా పెద్ద నష్టం. రాళ్లు వెనక్కి రావాలన్న వాదనలో ఈ రెండో నష్టం ప్రస్తావనకు రావడం అరుదు.

ముందు, అక్కడ ఉండిన కట్టడం ఏమిటో తెలియాలి. మేధి, అంటే స్తూపం గుండ్రటి అరుగు, అడ్డంగా సుమారు 162 అడుగులు. దాని చుట్టూ 13 అడుగుల వెడల్పున ప్రదక్షిణాపథం. ఆ దారికి బయట 192 అడుగుల వ్యాసంతో రాతి కంచె. దీన్నే వేదిక అంటారు. నిలువు స్తంభాలు, వాటి పక్కల తొలిచిన కంటి ఆకారపు గుంటల్లో దూర్చిన మూడేసి అడ్డరాళ్లు అంటే సూచులు, పైన పరిచిన ఉష్ణీషం, ఈ మూడూ కలిస్తే వేదిక. మొత్తం 136 స్తంభాలు, 348 సూచులు ఉండేవని పరిశోధకుల లెక్క. స్తంభం ఒక్కటే తొమ్మిది అడుగుల దాకా ఉండేది. పైన ఉష్ణీషం కూడా కలిపితే కంచె మనిషికి రెండింతల ఎత్తు. నాలుగు దిక్కులా ద్వారాలు. సాంచిలో మాదిరి తోరణాలు ఇక్కడ లేవు, ద్వార స్తంభాల మీద సింహాలు కూర్చుని ఉండేవి. ప్రతి ద్వారానికి ఎదురుగా మేధి ముందుకు పొడుచుకొచ్చిన చోట ఐదేసి ఆయక స్తంభాలు.

ఈ కంచెకు రెండు ముఖాలున్నాయి. బయటి ముఖం మీద పద్మాలు, ఉష్ణీషం మీద పొడవాటి పూలదండను మోసుకెళ్లే మనుషులు. లోపలి ముఖం మీద జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, ఇంకా అతని జీవిత ఘట్టాలు. దారిన పోయేవాడికి కనిపించేది పూల కంచె. లోపలికొచ్చి ప్రదక్షిణ మొదలుపెట్టినవాడికే కథలు. ఒకే రాయి రెండు వైపులా రెండు పనులు చేసేది. ఆ రాతిని మ్యూజియం గోడకు ఆనించారంటే ఒక వైపు కనబడకుండా పోతుంది.

ఇక్కడి రాయిని ఇంగ్లీషువాళ్లు పాలరాయి అనుకున్నారు. లండన్‌లో ఇప్పటికీ అమరావతి మార్బుల్స్ అనే అంటారు. నిజానికి అది పలనాటి సున్నపురాయి. తెల్లటి, లేత ఆకుపచ్చ ఛాయల్లో ఉంటుంది, ఉలికి సులువుగా లొంగుతుంది, సన్నటి గీత కూడా నిలుస్తుంది. ఆ నాజూకు శిల్పానికి కారణం ఈ రాయే, దాని నాశనానికి కారణం కూడా ఇదే. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. నూరు కిలోల రాయికి దాదాపు 56 కిలోల సున్నం. గోడ కట్టాలన్నా గచ్చు వేయాలన్నా గానుగ సున్నమే దిక్కైన రోజుల్లో, చదునుగా చెక్కిన టన్ను బరువు పలక తేరగా దొరికిన ముడిసరుకు. దాన్ని పగలగొట్టి బట్టీలో వేసినవాడికి అది జాతక కథ అని తెలియదు.

కూల్చివేత 1790ల్లో మొదలైంది. అయితే అంతకు చాలా ముందే ఈ స్తూపాన్ని ఊరు మరచిపోయింది. 1182లో కోట కేత రాజు బుద్ధుడి అఖండ దీపాలకు ఊళ్లు దానమిచ్చినట్టు అమరేశ్వరాలయ శాసనం చెబుతోంది. ధాన్యకటకంలో, అంటే పాత పేరుతో ఈ చోటే, రెండంతస్తుల ప్రతిమా గృహాన్ని ధర్మకీర్తి అనే భిక్షువు బాగుచేయించినట్టు శ్రీలంకలోని గడలదెణియ శాసనం 1344లో రాసింది. ఆ తర్వాత స్తూపం ఊసు లేదు. మట్టి పేరుకుని దిబ్బ అయింది, జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు.

జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టబోయినప్పుడు ఇటుక కోసం, రాయి కోసం పనివాళ్లు ఈ దిన్నెను తవ్వారు. పెద్ద ఇటుకలు గోడల్లోకి పోయాయి. పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి. సంగతి తెలిసి 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అప్పటికి అతనికి తీరిక లేదు. మళ్లీ 1816లో తన చిత్రకారులతో, సర్వేయర్లతో వచ్చేసరికి దిబ్బ మధ్యభాగం చెరువు కోసం తవ్విన గొయ్యి అయిపోయింది. ధాతువులు, అంటే పూజించే అస్థికలు, ఉండాల్సిన చోటే అది.

మెకంజీ కూడా రాళ్లు తరలించాడు. కొన్ని కలకత్తాకు పోయాయి, కొన్ని మచిలీపట్నం చేరి అక్కడి సంతపేటకు అలంకారమయ్యాయి. కానీ అతని బృందం చేసిన ఇంకో పని విలువ కట్టలేనిది. ఆ పలకలను కొలిచి గీశారు, స్థలానికి ప్లాను వేశారు. 1816 నుంచి 1818 దాకా గీసిన ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ కాగితాల మీద ఉన్న పలకల్లో కొన్ని ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేవు. ఆ రాళ్ల ఆనవాలు ఆ గీతలే.

ఆ తర్వాత గుంటూరు కమిషనర్ వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించాడు. బయటపడ్డ రాళ్లను మద్రాసు పంపాడు. ఏ పలక ఏ దిక్కున, ఎంత లోతున, ఏ వైపు పడి ఉండగా దొరికిందో చెప్పే వివరమైన నివేదిక ఆ తవ్వకానికి లేదు. మద్రాసులో అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో లీనియస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు. మరుసటి ఏడు 121 రాళ్లు ఓడెక్కాయి.

లండన్‌లోనూ వాటికి గౌరవం దక్కలేదు. కొంతకాలం గోదాముల్లో, బండ్ల కొట్టాల్లో ఉన్నాయి. కొన్నిటిని ఫైఫ్ హౌస్‌లోని ఇండియా మ్యూజియంలో ఆరుబయట గోడకు తగిలించారు. ఆనాటి లండన్ గాలి నిండా బొగ్గు పొగ. పొగలోని గంధకం తేమతో కలిసి సున్నపురాయి మీద పడితే పైపొర జిప్సంగా మారుతుంది. జిప్సం నీటిలో కరుగుతుంది, పొరలుగా ఊడుతుంది. ముఖాల కళ, వేళ్ల కొసలు పోయేది ఇలాగే. ట్రైప్ ఫొటో పక్కన ఈనాటి రాయిని పెట్టి చూస్తే, ఎంత అరిగిందో ఎవరికైనా తెలుస్తుంది. జేమ్స్ ఫెర్గుసన్ 1867 పారిస్ ప్రదర్శన కోసం ఫొటోలు వెతుకుతూ ఈ రాళ్ల దగ్గరికి చేరాడు. మరుసటి ఏడు వాటి మీద పుస్తకం అచ్చువేశాడు. అక్కడి నుంచే యూరప్‌లో అమరావతి పేరు మోగింది. 1880లో రాళ్లు బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అద్దాల గోడ వెనక గాలిలో తేమను అదుపులో ఉంచే గదికి మారింది 1992లో. మద్రాసులో ఓడెక్కిన 133 ఏళ్లకు.

ఈలోగా అమరావతిలో మిగిలినదానికి అసలు దెబ్బ తగిలింది. 1877లో రాబర్ట్ సెవెల్ కొంత భాగం తవ్వి, దొరికిన ప్రతి రాయి స్థానాన్నీ రాసుకున్నాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ స్థలమంతా శుభ్రం చేయించమని ఆదేశించాడు. కూలీలు మొత్తం తోడేశారు. పురావస్తు పద్ధతి తెలిసిన జేమ్స్ బర్జెస్ 1881 చివర్లో వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి, చుట్టూ కుప్పబోసిన పలకలు. ఏది ఏ పొరలోదో, ఏది దేనిమీద కూలిందో చెప్పేవాడు లేడు. పనివాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. మట్టి అంటే తీసి పారేయాల్సినది అనుకున్నారు. పరిశోధకుడికి ఆ మట్టే కాలం లెక్క. ఈ కథ మొత్తంలో బాధించేది ఇదే. బట్టీలో పోయిన రాయి ఒక్కటే పోయింది, ఆ ఏడాది తోడేసిన మట్టితో మిగిలిన రాళ్లన్నిటి చిరునామా పోయింది.

బర్జెస్ ఎంచిన రాళ్లు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ఉన్నచోటే కాపాడాలని ప్రాచీన కట్టడాల క్యూరేటర్ హెన్రీ కోల్ గట్టిగా వాదించాడు, కానీ ఆ వాదన నెగ్గలేదు. మద్రాసులో పలకలను సిమెంటుతో గోడల్లోకి బిగించారు. అప్పటికి అది భద్రమైన పద్ధతి అనుకున్నారు. సిమెంటులో కరిగే లవణాలుంటాయి. గోడలోని తేమ వాటిని రాతి రంధ్రాల్లోకి మోస్తుంది, తేమ ఆరినప్పుడు లవణం పలుకులు కట్టి ఉబ్బుతుంది, రాతి పైపొరను లోపలి నుంచి తోస్తుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది ఏటా జరిగే పని. పైగా సిమెంటు రాతికన్నా గట్టిది. బిగించిన పలకను తర్వాత ఎప్పుడైనా ఊడదీయాలంటే అంచులు విరుగుతాయి. రెండో ముఖం ఎలాగూ గోడలో పూడింది.

అలా పూడిపోతే ఎంత పోతుందో చెప్పడానికి బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక చాలు. ఒక వైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కని కాలపు శిల్పం అది. రెండో వైపు రెండు మూడు వందల ఏళ్ల తర్వాత చెక్కిన స్తూపం బొమ్మ, కంచెతో, సింహాలతో, ఐదు ఆయక స్తంభాలతో సహా. పాత పలకను పారేయకుండా తిప్పి కొత్తగా చెక్కారన్నమాట. కూలకముందు మహాచైత్యం ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నది ఇలాంటి బొమ్మల వల్లే. ఒకే రాతికి రెండు తేదీలుంటాయని కూడా ఇదే నేర్పింది.

రాళ్లు పోయినా నేల కొంత మిగిలింది. 1958-59లో, మళ్లీ 1973-74లో భారత పురావస్తు శాఖ ఆ మిగిలిన నేలను పొరలవారీగా తవ్వింది. రెండోసారి పని కార్తికేయ శర్మ ఆధ్వర్యంలో జరిగింది. సున్నపురాతి కంచెకు ముందు అక్కడ గ్రానైటు రాళ్లతో సాదా కంచె ఉండేదని, స్తూపం ఆరంభం మౌర్యుల కాలానికి వెళ్తుందని తేలింది. శాతవాహనుల కట్టడం అనుకున్నది నాలుగైదు వందల ఏళ్ల వెనక్కి జరిగింది. చెక్కడం లేని కొన్ని రాళ్లు, కుండపెంకులు దొరికిన పొరతో సహా నమోదయ్యాయి కాబట్టే ఈ మాట చెప్పగలిగాయి.

శాసనాల సంగతి వేరు. రాయి ఎక్కడికి పోయినా అక్షరం దానితోనే పోతుంది. రాజులకన్నా మామూలు మనుషులే అక్కడ ఎక్కువగా మాట్లాడతారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. ఆ పలక చెన్నైలో ఉంది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటం అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే. తెలుగులో తొలి మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన ‘నాగబు’ కూడా ఇక్కడి రాతి మీదిదే.

ఇప్పుడు రాళ్లు వెనక్కి వస్తాయా? 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అక్కడి వస్తువులను వదులుకోవడానికి దాదాపు వీలివ్వదు. దొంగరవాణాపై 1970లో యునెస్కో చేసిన ఒప్పందం అంతకు ముందు తరలినవాటికి వర్తించదు. చెన్నైలోని రాళ్లు రెండు రాష్ట్రాల మధ్య మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా మ్యూజియం సొత్తు మద్రాసులోనే ఉండిపోయింది. ఇటీవలి దొంగతనాల సంగతి మాత్రం భిన్నం. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి మాయమైన శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటో ఉండటంతో వాదనకు చోటు లేకపోయింది, 2016లో వాళ్లు భారత్‌కు అప్పగించారు.

అమరావతి వెళ్లేవాళ్లు దిబ్బకన్నా ముందు పురావస్తు మ్యూజియం చూడటం మేలు. అక్కడి స్తూపం నమూనా మనసులో ఉంటే దిబ్బ మీద ఏది మేధి, ఏది కంచె జాడ అన్నది కళ్లకు అందుతుంది. మెకంజీ బొమ్మలను బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది, అందుబాటులో ఉంటే నాలుగైదు ఫోన్‌లో దించుకుని వెళ్తే ఇంకా మంచిది. ప్రదక్షిణగా కుడివైపు స్తూపం ఉండేలా నడవాలి. అరిగిన చెక్కడం పొద్దున్నే ఏటవాలు ఎండలో బాగా కనబడుతుంది, నీడలో అయితే పక్క నుంచి టార్చి వేస్తే చాలు. అక్షరాలు తేలడానికి సుద్ద రాయడం, నీళ్లు చల్లడం, పొడి పూయడం వద్దు. నిమ్మరసం చుక్క పడినా సున్నపురాయి నురగ కడుతుంది, ఆ మేరకు కరిగిపోయినట్టే.

ధరణికోట, అమరావతి చుట్టుపక్కల పొలాల్లో, పునాదుల్లో చెక్కిన రాయి తగిలితే కడగకూడదు, ఒరిగించకూడదు. పక్కన స్కేలు పెట్టి, కనిపించే ముఖాలన్నిటినీ ఫొటో తీయాలి. నేలమట్టం నుంచి లోతు కొలవాలి. రాయి ఏ ముఖం పైకి పెట్టి ఉందో, తల ఏ దిక్కుకు ఉందో రాయాలి. చుట్టూ ఇటుక ముక్కలు, పెంకులు ఉంటే వాటినీ అక్కడే వదిలేసి, ఫోన్‌లో ఆ చోటి గుర్తు భద్రపరచాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలి. తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, ఫొటోలు జతచేసి, రసీదు తీసుకోవాలి. అధికారులు వచ్చేదాకా గుంత మీద తడిక కప్పి ఉంచితే సరిపోతుంది.