లండన్‌లో మైలు కూడా లేని మోటార్‌వే: ఎం41 ఎందుకు అక్కడే ఆగిపోయింది

పశ్చిమ లండన్‌లో షెపర్డ్స్ బుష్ నుంచి వైట్ సిటీ దాకా ఒక రోడ్డుంది, పక్కనే వెస్ట్‌ఫీల్డ్ మాల్, నంబర్ ఏ3220. 1970 నుంచి 2000 దాకా దీని పేరు ఎం41, అంటే అచ్చంగా మోటార్‌వే, బళ్లు ఆగకుండా వేగంగా పోయే పెద్ద హైవే అన్నమాట, కానీ పొడవు మైలు కూడా ఉండదు. ఇంత చిన్న మోటార్‌వే ఎవరైనా కడతారా అనిపిస్తుంది, నిజానికి ఇంతే కడదామని ఎవరూ అనుకోలేదు.

1960ల్లో నగర పాలన చూసే గ్రేటర్ లండన్ కౌన్సిల్ ప్లాన్ ఏంటంటే సిటీ మధ్యభాగం చుట్టూ పెట్టెలాగా మోటార్‌వే వేయడం, దానికి రింగ్‌వే 1 అని పేరు పెట్టారు. పడమటి వైపుది విల్స్‌డెన్ నుంచి ఎర్ల్స్ కోర్ట్, చెల్సీ మీదుగా థేమ్స్ దాటి బాటర్‌సీ చేరాలి, ఎం41 అందులో ఒక ముక్క అంతే. మ్యాపు మీద గీత గీయడం ఈజీయే గానీ ఆ గీత కింద ఉన్నవి జనం కాపురముంటున్న ఇళ్లు.

1970 జులై 28న ఎం41, వైట్ సిటీ దగ్గర దానితో కలిసే వెస్ట్‌వే ఫ్లైఓవర్ ఒకే రోజు ఓపెన్ అయ్యాయి. మైఖేల్ హెసెల్టైన్, అప్పటికి ట్రాన్స్‌పోర్ట్ శాఖలో జూనియర్ మంత్రి, రిబ్బన్ కటింగ్‌కి వస్తే వెస్ట్‌వే పక్కనే ఉన్న ఆక్లమ్ రోడ్డు వాళ్లు ఇళ్లకి పెద్ద బ్యానర్ కట్టి ఈ నరకం నుంచి మమ్మల్ని బయటపడేయండి, వేరే ఇళ్లివ్వండి అని అడిగారు. పాపం వాళ్ల బెడ్‌రూమ్ కిటికీల ముందే ఫ్లైఓవర్, ఇల్లు కూల్చేస్తే పరిహారం ఉంది గానీ, ఇల్లు అలాగే ఉండి రాత్రింబగళ్లు ఆ మోత పడేవాళ్లకి అప్పటి చట్టంలో దాదాపు ఏమీ లేదు. 1973లో ల్యాండ్ కంపెన్సేషన్ యాక్ట్ వచ్చాకే రోడ్డు మోత వల్ల ఇంటి విలువ పడిపోతే డబ్బు అడిగే హక్కొచ్చింది, నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

1970 కౌన్సిల్ ఎన్నికల్లో 'రోడ్లకంటే ముందు ఇళ్లు' అంటూ జనమే అభ్యర్థుల్ని నిలబెట్టారు, ఒక్క సీటూ రాలేదు, కానీ 1973లో లేబర్ పార్టీ గెలిచి రింగ్‌వేలు రద్దు చేసేసింది. వైట్ సిటీ జంక్షన్ దగ్గర ఉత్తరం వైపు వెళ్లాల్సిన రోడ్డు మొదళ్లు మాత్రం మొండిగా మిగిలాయి.

1996 జులై 13న ఇదే రోడ్డుని రిక్లెయిమ్ ద స్ట్రీట్స్ అనే ఉద్యమం వాళ్లు, అంటే రోడ్లు కార్లకి కాదు జనానికి అనేవాళ్లు, వేలమందితో ఆపేశారు, పొడవాటి గౌన్లేసుకున్న పెద్ద పెద్ద బొమ్మల కింద దాక్కుని డ్రిల్లులతో తారు పగలగొట్టి మొక్కలు నాటారు, మ్యూజిక్ హోరులో డ్రిల్లు చప్పుడు వినపడలేదు.

2000లో లండన్ ముఖ్యమైన రోడ్లు చాలావరకు నగర రవాణా చూసే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చేతికొచ్చాయి, ఆ సంస్థకి మోటార్‌వేలు నడిపే అధికారం లేదు, అందుకని ఎం41ని మామూలు రోడ్డు చేసి ఏ3220 అని నంబర్ మార్చారు.