సోఫా గీరే పిల్లికి మీ మీద కక్షేమీ లేదు: పిల్లి గోళ్లపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గచ్చు మీద చంద్రవంకలా వంగిన చిన్న గోరు. కింద మెసేజ్: "డాక్టర్ గారూ, మా పిల్లి గోరు ఊడిపోయింది, అర్జెంట్." ఫోన్ చేసి, ఆ గోరు లోపల బోలుగా ఉందేమో చూడమన్నాను. ఉందన్నారు. రక్తం? లేదు. అయితే ఊడింది గోరు కాదు, గోటి మీది తొడుగు. పాము కుబుసం విడిచినట్టు పిల్లి గోరు కూడా పాత పొరను వదిలేస్తుంది. కింద కొత్త మొన సిద్ధంగా ఉంటుంది. ఆ పొర ఊడదీసుకోవడానికే పిల్లి గరుకైన వస్తువు వెతుక్కుంటుంది. చాలా ఇళ్లలో అలా దొరికేది సోఫానే.

పిల్లుల వైద్యురాలిగా నేను రోజూ వినే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: తిట్టినందుకు కక్షగట్టి సోఫా చింపుతోంది.

పిల్లికి అంత తీరిక లేదు. గోరు పదును పెట్టుకోవడం ఒక కారణమైతే, నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకోవడం ఇంకోటి. మూడోది మనకు కనిపించదు. దాని పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. గీరినచోట ఆ వాసన అంటుకుంటుంది, "ఇది నా ఇల్లు" అని సంతకం పెట్టినట్టు. అందుకే ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, కిటికీ బయట వీధి పిల్లి తిరుగుతున్నా గీరడం ఎక్కువవుతుంది. గీతలన్నీ కిటికీల దగ్గరా గుమ్మం దగ్గరా కనిపిస్తే నేను ముందు అడిగేది బయటి పిల్లుల గురించే.

కొడితే మానుతుందా? మీరు ఎదురుగా ఉన్నంతసేపు మానుతుంది, మీరు లేనప్పుడు గీరుతుంది. అది నేర్చుకునేది మీకు భయపడడం ఒక్కటే. గదిలో పెట్టి కొడితే పిల్లైనా పులవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పులి మీ చేతులకు ఏం చేస్తుందో నేను క్లినిక్‌లో చూస్తూనే ఉంటాను.

అపోహ: స్క్రాచింగ్ పోస్ట్ (పిల్లి గీరుకునే స్తంభం) కొన్నాం, ముట్టుకోలేదు. మా పిల్లికి అది ఇష్టం లేదు.

చాలాసార్లు ఇష్టం లేనిది పోస్టు కాదు, దాని ఎత్తూ అది ఊగడమూ. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చేవి మూరెడు ఎత్తుంటాయి. ఎదిగిన పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు పూర్తిగా చాపాలంటే కనీసం 80, 90 సెంటీమీటర్లు కావాలి. పైగా బరువేసి లాగినప్పుడు ఒక్కసారి ఊగిందంటే మళ్లీ దాని జోలికి పోదు.

డబ్బు పెట్టాల్సిన పనేమీ లేదు. బరువైన చెక్క దుంగకో, కదలని బల్ల కాలికో కొబ్బరి తాడు దగ్గర దగ్గరగా బిగించి చుట్టండి. గోనె సంచి కొట్టినా సరే. అమ్మమ్మల ఇళ్లలో పిల్లులు నులక మంచం పట్టెల దగ్గర గీరుతుండడం చూసే ఉంటారు, వాటికి కావాల్సింది ఆ గరుకే. కొన్ని పిల్లులు నిలువుగా కాక నేల మీద అడ్డంగా గీరతాయి. మీది గుమ్మం ముందు పట్టా గీరే రకమైతే దానికి స్తంభం దండగ, కొబ్బరి పీచు పట్టా ఇంకోటి పడేయండి.

పెట్టే చోటే అసలు సంగతి. బాల్కనీ మూలన, వాషింగ్ మెషిన్ వెనక పెడితే లాభం లేదు. అది పడుకునే చోటి పక్కన, లేదా ఇప్పుడు చింపుతున్న సోఫా చెయ్యి పక్కనే పెట్టాలి. ఆ సోఫా చెయ్యికి కొన్నాళ్లు రెండు వైపులా అంటుకునే టేపు వేయండి. పాదానికి జిగురు తగలడం పిల్లికి నచ్చదు.

ఇంకో చిట్కా మన పెరట్లోనే ఉంది. కుప్పింటాకు మొక్క వేరంటే చాలా పిల్లులకు పిచ్చి. వేరు కడిగి, నలిపి తాడుకు రుద్ది చూడండి. పిల్లుల్ని ఆకర్షించడానికి అమ్మే విదేశీ మొక్క క్యాట్‌నిప్ పొడికి వందలు పోయక్కర్లేదు.

అపోహ: ఫినాయిల్ చల్లితే, కలరా ఉండలు పెడితే అటు పోదు.

ఇది మాత్రం దయచేసి వద్దు. ఫినాయిల్ లాంటి వాటిలోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. పాదానికి అంటింది నాకుతుంది, అది కడుపులోకి పోతుంది. కలరా ఉండలూ విషమే. నిమ్మ, యూకలిప్టస్ తైలాలూ వాటికి పడవు.

అపోహ: గోళ్లు కత్తిరిస్తే నొప్పి, ఇంట్లో అసలు చేయకూడదు.

కత్తిరించేది కొన మాత్రమే అయితే నొప్పి ఉండదు. మామూలుగా ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. మధ్యాహ్నం తిని మగతగా ఉన్నప్పుడు, వీపు మీ పొట్టకు ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఒక వేలిని పైనా కిందా మెత్తగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది, రక్తనాళం, నరం ఉండేది అక్కడే. దానికి రెండు మిల్లీమీటర్లు ఇవతల, ఆ తెల్లని కొక్కెం కొన మాత్రం కత్తిరించి ఆపేయండి. వెంటనే ఉప్పు, మసాలా లేని ఉడికించిన చికెన్ ముక్క. రోజుకు రెండు గోళ్లయినా ఫరవాలేదు, ఎవరూ తరమడం లేదు. ముందు కాళ్లకు రెండు మూడు వారాలకోసారి చాలు. మనుషుల నెయిల్ కట్టర్‌తో గోరు నలిగి చీలుతుంది, పిల్లుల కత్తెర తీసుకోండి.

పొరపాటున గులాబీ గీత తెగితే? చదువు పూర్తయిన కొత్తలో మా సొంత పిల్లికే తెగ్గొట్టాను. రక్తం చూసి దానికన్నా నాకే ఎక్కువ టెన్షన్ వచ్చింది. కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. ఆగకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కత్తిరించినా గీరడం మానదు, నష్టం తగ్గుతుందంతే.

అపోహ: ముసలి పిల్లి గీరదు కాబట్టి గోళ్ల గొడవ లేదు.

నిజం దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కీళ్ల నొప్పులతో గీరడం తగ్గినప్పుడు పాత పొరలు ఊడక గోళ్లు మందమవుతాయి. ముఖ్యంగా ముందు కాలి లోపలి వైపు, బొటనవేలులా ఉండే గోరు నేలకు తగలదు. పోయిన వానాకాలం ఒక పెద్దావిడ కుంటుతున్న పన్నెండేళ్ల పిల్లిని తెచ్చారు. ఆ గోరు గుండ్రంగా తిరిగి పాదం మెత్తలోకి దిగిపోయింది, చుట్టూ చీము. కత్తిరించి శుభ్రం చేయడానికి పట్టింది పది నిమిషాలు. ఎన్నాళ్ల నుంచి ఆ నొప్పి భరిస్తోందో!

అపోహ: ఆపరేషన్ చేయించి గోళ్లు తీయిస్తే పీడ వదిలిపోతుంది.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు వరస అమ్మాయి అడిగింది: "అక్కా, ఇంటి ఓనర్ డీక్లా చేయించమంటున్నాడు, చేయించనా?" ఆ ఆపరేషన్‌లో తీసేది ఒట్టి గోరు కాదు. గోరు పుట్టేది ఎముక నుంచి కాబట్టి వేలి చివరి కణుపునే తెగ్గొడతారు. మన వేళ్లను పై కణుపు దగ్గర నరికినట్టు. చాలా యూరప్ దేశాల్లో ఇది నిషేధం, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. ఆ తర్వాత కొన్ని పిల్లులు పాదం నొప్పితో ఇసుక ట్రేలోకి దిగడం మానేస్తాయి, ఇంకొన్ని పిల్లులు, రక్కడానికి గోళ్లు లేక, కరవడం మొదలుపెడతాయి. వద్దన్నాను.

అపోహ: రేబిస్ కుక్కకే. పిల్లి రక్కితే పసుపు పెడితే చాలు.

పిల్లి నుంచీ రేబిస్ వస్తుంది. పసుపూ, సున్నమూ, కారమూ పెట్టకుండా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం రాని చిన్న గీతకూ టీకా అవసరమవుతుంది. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా ఇస్తారు. మీ పిల్లికి టీకాలు వేయించి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, ఏం చేయాలో ఆయన నిర్ణయిస్తారు. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లంటారని భయపడి ఆగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి 20 ఏళ్లు దాటింది. ఇప్పుడు వేసేది జబ్బకు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే, మొదటి టీకా రోజును 0గా లెక్కేసి, 0, 3, 7, 28 రోజుల్లో.

రక్కిన ఒకటి రెండు వారాలకు పిల్లలకు చంకలోనో మెడ దగ్గరో బిళ్ల కట్టి జ్వరం వస్తే, అది పిల్లి రక్కడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం కావచ్చు. పిల్లుల్లో ఆ బ్యాక్టీరియాను వ్యాపింపజేసేవి వాటి బొచ్చులో ఉండి రక్తం పీల్చే, ఎగిరి దూకే చిన్న పురుగులు (ఫ్లీలు). అందుకే పిల్లికి ఆ పురుగుల మందు వేయించండి, పిల్లాడి డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి. చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు.