ఆవగింజంత చినుకు

రావులపాలెం దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఇంటి ముందు రెండు సెంట్ల జాగాలో కడియం నర్సరీ నుంచి గడ్డి తెచ్చి పరిపించారట. భూమిలో పైపులు పూడ్చి, టైమర్ పెట్టి, స్ప్రింక్లర్లు బిగిస్తానని ఒకాయన వచ్చి అంచనా రాసిచ్చాడట. "పెట్టించమంటారా మాస్టారూ? చుట్టూ గోదావరి పెట్టుకుని ఇదేం ఖర్చురా అని మా నాన్నగారు అంటున్నారు" అని అడిగారు.

వాళ్ల నాన్నగారి మాటలో ఎంతో అనుభవం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ డెల్టాలో నీళ్లు పల్లానికి వాటంతట అవే పారుతున్నాయి. మనకి నీళ్లు పెట్టడం అంటే గట్టు తెంపి బోదెలోంచి మడిలోకి వదలడమే. ఆ నీటికి మోటారు అక్కర్లేదు, గాలితో పని లేదు. స్ప్రింక్లర్ దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. నేలమీద పారాల్సిన నీటిని గాల్లోకి విసిరి, ముక్కలు చేసి, మళ్లీ నేలమీదికి దించుతుంది. కాబట్టి నిర్ణయం ఎక్కడ తేలుతుందంటే, ఆ ముక్క దగ్గర. చినుకు దగ్గర. పైపులు ఎన్ని అంగుళాలు, టైమర్ ఏ కంపెనీది అనేవి షాపువాళ్లు చెబుతారు, వాటిని వదిలేస్తాను. చినుకు ఎంత ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

వంటింటి కొలతలు పెట్టుకుందాం. అర మిల్లీమీటరు చినుకు బొంబాయి రవ్వ. ఒక మిల్లీమీటరుది గసగసాలు. రెండు మిల్లీమీటర్లది ఆవాలు. అయిదుకి దగ్గరైతే మిరియాలు. మీ లాన్‌కి కావలసింది ఆవగింజ. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

కుళాయిలోంచి సన్నగా ధార వదిలి చూడండి. పైన గాజుకడ్డీలా ఉంటుంది, కిందికి వచ్చేసరికి చుక్కలుగా తెగిపోతుంది. దాన్ని తెంపేది తలతన్యత. నీటి పైపొర ఎప్పుడూ తన వైశాల్యాన్ని తగ్గించుకోవాలని చూస్తుంది. సన్నటి ధార కన్నా అంతే నీరున్న గుండ్రటి చుక్కలకు వైశాల్యం తక్కువ. ధార మీద అలలాంటి ఏ ముడుత అయినా, దాని పొడవు ధార చుట్టుకొలతను మించితే చాలు, ముదిరి ధారను తెంపేస్తుంది. ఈ లెక్కను బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో, ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ ర్యాలీ 1870లలో తేల్చారు. అన్నిటికన్నా వేగంగా ముదిరే ముడుత పొడవు ధార మందానికి సుమారు నాలుగున్నర రెట్లు. అంత పొడవు ముక్క గుండ్రంగా మారితే చుక్క వ్యాసం ధార మందానికి 1.9 రెట్లు వస్తుంది. ఒక మిల్లీమీటరు ధార నుంచి దాదాపు ఆవగింజ. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక బాధ చెప్పుకోవాలి. తలతన్యత అనగానే గ్లాసులో సూది తేల్చి చూపించి, నిర్వచనం రాయించి ఊరుకుంటాం. పిల్లలు రోజూ చూసే కుళాయి ధారలో అంత పాఠం ఉందని చెప్పం.

ఇక స్ప్రింక్లర్ ధార నెమ్మదిగా పడేది కాదు, దూసుకొచ్చేది. అప్పుడు గాలి కూడా రంగంలోకి దిగుతుంది. వేగంగా పోతున్న చుక్కను ఎదురుగాలి అప్పడంలా నొక్కి చింపాలని చూస్తుంది, తలతన్యత చింపనివ్వకుండా పట్టుకుంటుంది. ఈ రెంటి నిష్పత్తినే వెబర్ సంఖ్య అంటారు. గాలి సాంద్రతను వేగం వర్గంతోనూ చుక్క వ్యాసంతోనూ గుణించి, తలతన్యతతో భాగిస్తే వస్తుంది. అది సుమారు 12 దాటితే చుక్క చిరుగుతుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు. నీరు నాజిల్ నుంచి వచ్చే వేగం దాని వెనకున్న నీటి ఎత్తును బట్టి ఉంటుంది. వేగం వర్గం అంటే ఆ ఎత్తుకు 2జి రెట్లు. జి అంటే గురుత్వ త్వరణం, 9.8.

మేడమీది ట్యాంకు నేలకి 8 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. నీరు సెకనుకు 12.5 మీటర్ల వేగంతో వస్తుంది. లెక్క కడితే చిరగకుండా నిలిచే అతి పెద్ద చుక్క 4.6 మిల్లీమీటర్లు, అంటే మిరియం. 20 మీటర్ల ఎత్తుకు సమానమైన వత్తిడి ఇస్తే 1.8 మిల్లీమీటర్లు, ఆవగింజ. 40 మీటర్లు ఇస్తే 0.9 మిల్లీమీటర్లు. అది గసగసాల కన్నా తక్కువ, పైగా అతి పెద్ద చుక్కే అది. మిగతావన్నీ రవ్వ, పిండి. వత్తిడి రెట్టింపు చేస్తే చినుకు సగం అవుతుంది. ఇంత సాదా సూత్రం ప్రకృతిలో దొరికినప్పుడు నాకు ఆ రోజంతా పండగే. లావుపాటి ధార చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది కాబట్టి అక్కడ ఇంకాస్త పెద్ద చుక్కలు బతుకుతాయి. కనుక ఈ అంకెల్ని దశాంశం దాకా నమ్మకండి, దిక్కు మాత్రం నమ్మండి. లాన్‌లో నేలలోంచి లేచే చిన్న స్ప్రే హెడ్‌లను సుమారు 2 బార్ వత్తిడికి తయారు చేస్తారు. 2 బార్ అంటే 20 మీటర్ల నీరే. ఆవగింజ లెక్క అక్కడికే వచ్చి కలిసింది చూశారా.

వత్తిడి పెంచితే నీళ్లు ఇంకా దూరం పడతాయి కదా అనుకుంటాం. గాలే లేకపోతే 20 మీటర్ల వత్తిడితో 45 డిగ్రీల వాలుగా వచ్చిన నీరు 40 మీటర్ల దూరం పోవాలి. స్ప్రే హెడ్ నుంచి వాస్తవంగా పోయేది నాలుగైదు మీటర్లే. చినుకు ఎంత చిన్నదైతే గాలి దాన్ని అంత తొందరగా ఆపేస్తుంది. అందుకే పెద్ద మోటారు బిగించినా ఒక హద్దు దాటాక దూరం పెరగదు, పొగమంచు మాత్రం పెరుగుతుంది.

ఆ పొగమంచుకు డెల్టాలో ఏం జరుగుతుందో చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుంది. సెకనుకు 4 మీటర్ల గాలి అనుకుందాం. మనిషి భుజం ఎత్తు నుంచి, అంటే మీటరున్నర నుంచి, పదోవంతు మిల్లీమీటరు తుంపర నేల చేరడానికి అయిదు సెకన్ల పైనే పడుతుంది. ఈలోగా గాలి దాన్ని 20 మీటర్లు పక్కకి మోసుకుపోతుంది. అది మీ లాన్ దాటి పక్కవాళ్ల దండెం మీది బట్టల్లోకి. రవ్వంత చినుకు మూడు మీటర్లు జరుగుతుంది. ఆవగింజ ఒక మీటరుతో ఆగిపోతుంది. ఎండిపోవడం సంగతి సరేసరి. ఒక లీటరు నీటిని గసగసాలంత చుక్కలు చేస్తే 19 లక్షల చుక్కలు, వాటి మొత్తం పైవైశాల్యం 6 చదరపు మీటర్లు. అదే లీటరును పదోవంతు మిల్లీమీటరు తుంపర చేస్తే వైశాల్యం 60 చదరపు మీటర్లు. ఒక సెంటున్నర నేల మీద పరిచి ఆరబెట్టినట్టే.

మరి మిరియమే మేలు కదా అంటారేమో. మీ నేల ఇసుక అయితే మేలే. రావులపాలెం చుట్టుపక్కల ఎక్కువగా ఉండేది ఒండ్రు, అందులోనూ బంకపాలు ఉన్నది. మిరియమంత చినుకు బరువు ఆవగింజ చినుకు బరువుకి పదహారు రెట్లు. గడ్డి దట్టంగా పట్టనిచోట అది మట్టి కణికను పగలగొడుతుంది. విడిన బంకరేణువులు రంధ్రాల్లో కూరుకుపోయి, పైన అట్ట కడుతుంది. అసలే బంకనేల గంటకు అయిదు మిల్లీమీటర్ల నీటిని మించి పీల్చుకోలేదు. స్ప్రే హెడ్‌లు గంటకు 40 మిల్లీమీటర్ల లెక్కన పోస్తాయి. నిమిషాల్లో నీళ్లు నిలబడి సిమెంటు దారి మీదికి వచ్చేస్తాయి. తిరుగుతూ ఒకే ధార కొట్టే రోటర్లు గంటకు పది, పన్నెండే పోస్తాయి కాబట్టి బంకనేలకి అవే నయం. ఏది పెట్టినా కాసేపు పోసి, నీరు ఇంకేదాకా ఆగి, మళ్లీ కాసేపు పోయాలి.

ఇంతకీ ఎంత నీరు కావాలి? ఎండాకాలంలో లాన్ రోజుకు సుమారు 4 మిల్లీమీటర్లు తాగుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే సరిగ్గా ఒక లీటరు. రెండు సెంట్లు 81 చదరపు మీటర్లు కాబట్టి రోజుకు 324 లీటర్లు. మూడు రోజులకొక తడి పెడితే మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి. మామూలు గొట్టంతో నిమిషానికి 15 లీటర్లు వస్తే, మధ్యలో ఆగే సమయం కాక, గంటకి కాస్త పైన పడుతుంది.

ఇక్కడ నేను అంకెలు పక్కన పెట్టి మైదాపిండి తెచ్చాను. అమెరికాలో మంచు రేకల ఫొటోలు తీసిన విల్సన్ బెంట్లీ అనే రైతు, వాన చినుకుల్ని పిండిలో పట్టి కొలిచి 1904లో ప్రచురించాడు. ప్రయోగశాల ఏమీ లేదు, పళ్లెం, పిండి, అంతే. నేనూ స్టీలు పళ్లెంలో వేలు మందాన మైదా పోసి, చెయ్యి ఆనించకుండా గరిటె వెనకతో చదును చేశాను. గొట్టానికి తగిలించే తిరుగుడు స్ప్రింక్లర్‌ను పెరట్లో ట్యాంకు నీళ్ల మీద తిప్పి, ధార ఒక్కసారి మీదుగా వెళ్లేవరకు పళ్లెం పట్టుకుని లాగేశాను. పిండి మీద మశూచి మచ్చల్లా గుంటలు. అరగంట ఆరనిచ్చి మా ఆవిడ జల్లెడ పట్టింది. జల్లెడలో తెల్లటి ఉండలు మిగిలాయి. ఒక్కో ఉండ దాదాపు ఒక్కో చినుకంత. పోపులపెట్టె తీసి పక్కపక్కన పెట్టి చూశాం. ట్యాంకు నీళ్లకి మిరియాలు, ధనియాలు. మోటారు నుంచి నేరుగా ఇస్తే జల్లెడలో నిలిచినవి తక్కువ, నిలిచినవి గసగసాలు. వాల్వు సగానికి పైగా కట్టేసి మూడోసారి పట్టాం. ఆవాలు వచ్చాయి. మా ఆవిడ ఒక ఉండని ఆవగింజ పక్కన పెట్టి "తేడా లేదండీ" అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దాల్లా పనిచేసి ఆకుల్ని కాలుస్తాయని చాలామంది నమ్మకం. హంగేరీ శాస్త్రవేత్తలు 2010లో దీన్ని పరీక్షించారు. నున్నటి ఆకుల మీద చుక్క అతుక్కుని పరుచుకుంటుంది. దాని ఫోకస్ ఆకుకి చాలా దిగువన పడుతుంది, ఆకు కాలదు. నూగు మీద చుక్కను పైకెత్తి పట్టుకునే ఆకులకి మాత్రం కాలే అవకాశం ఉందని తేలింది. మధ్యాహ్నం వద్దనడం సరైనదే, కారణం మాత్రం పైన చెప్పిన గాలి, ఆవిరి. రాత్రి కూడా వద్దు. మన తేమకి తెల్లవార్లూ గడ్డి తడిగా ఉంటే బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. తెల్లవారుజామున, మంచు ఎలాగూ పడి ఉన్నప్పుడు, తడి పెట్టాలి.

ఇంకో నమ్మకం డెల్టాలో నిజంగా నష్టం చేస్తోంది. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలబడ్డచోట తవ్వుతారు. నీళ్లు పడతాయి. ఇక్కడ ఎక్కడ తవ్వినా కొద్ది లోతులోనే పడతాయి కాబట్టి కొబ్బరికాయ ఎప్పుడూ ఓడిపోదు. మనం అడగాల్సింది అవి మంచినీళ్లా, ఉప్పునీళ్లా అని. తీరం దగ్గరి ఊళ్లలో, చెరువులు తవ్వి రొయ్యలు పెంచేచోట ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఆర్ఓ ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్లు గ్లాసులో ముంచి చూపిస్తారే, నీటిలో కరిగిన ఉప్పుల్ని కొలిచే ఆ టీడీఎస్ పెన్ను కొనుక్కోండి. వెయ్యి చూపించిందంటే లీటరుకి ఒక గ్రాము ఉప్పులు. రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులు పోస్తే చదరపు మీటరుకి 480 గ్రాములు. మీ రెండు సెంట్లకి దాదాపు 40 కిలోల ఉప్పు బండిలో తెచ్చి చల్లినట్టు. వానలు కడిగేదాకా అది అక్కడే. స్ప్రింక్లర్ అయితే ఆ ఉప్పు ఆకు మీదే ఎండుతుంది, ఆకు దాన్ని లోపలికి పీల్చుకుని అంచుల నుంచి మాడుతుంది. అలాంటి నీళ్లయితే ఏ స్ప్రింక్లరూ వద్దు. పరిచిన గడ్డి తీసేసి గరిక పెంచండి. వినాయకుడికి పెట్టే ఆ గరికే ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ పేరుతో లాన్లలో వేస్తారు. ఉప్పుకీ ఎండకీ బాగా ఓర్చుకుంటుంది.

మీ ప్రశ్నకి నా జవాబు ఇది. నీళ్లు తియ్యగా ఉన్నా సరే, రెండు సెంట్లకి భూమిలో పైపులు పూడ్చవద్దు. మృగశిర నుంచి కార్తీకం దాకా వానలే చూసుకుంటాయి. ఆ నెలల్లో హెడ్‌లలో మట్టీ చీమలూ చేరతాయి. ఇనుము ఉన్న బోరు నీళ్లయితే తుప్పు పేరుకుంటుంది. మంచి గొట్టం, జరుపుకునే తిరుగుడు స్ప్రింక్లర్ ఒకటి, వత్తిడి తగ్గించుకోవడానికి ఒక వాల్వు చాలు. పది సెంట్లు దాటిన జాగా అయినా, ఎండాకాలమంతా ఇల్లు తాళం వేసి హైదరాబాదులో పిల్లల దగ్గర ఉండేవాళ్లయినా పూడ్చే పద్ధతి గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా 2 బార్ దగ్గర వత్తిడిని నిలబెట్టే రెగ్యులేటర్ ఉన్న హెడ్‌లు, వాన పడితే ఆపేసే సెన్సారు ఉన్నాయా అని అడగండి.

డబ్బు కట్టేముందు ఆ అంచనా ఇచ్చినాయన్ని ఒక హెడ్ తెచ్చి మీ మోటారుకి తగిలించి తిప్పమనండి. మైదా పళ్లెం మీరు పట్టుకోండి, జల్లెడ నాన్నగారి చేతికివ్వండి. ఉండలు పోపులపెట్టెలో దేనికి సరిపోయాయో నాకు రాయండి. ఈ మృగశిరకి తొలకరి పడగానే నేను కూడా వాకిట్లో పళ్లెం పట్టి, అసలు వాన ఎంత చినుకు కురుస్తుందో కొలిచి మీకు రాస్తాను.