ఎర్రగుంట్ల కిల్న్, బేతంచెర్ల మోటారు

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అక్కడి సున్నపురాయి కోసం. డబ్బు మాత్రం చాలా దూరం నుంచి వచ్చింది. జువారీ సిమెంట్ 2006లో పూర్తిగా ఇటలీకి చెందిన ఇటాల్‌సిమెంటి చేతికి వెళ్లింది. 2016లో ఆ ఇటలీ సంస్థనే జర్మనీ హైడెల్‌బర్గ్ కొనేసింది. నల్లలింగాయపల్లెలోని భారతి సిమెంట్‌లో 2010లో ఫ్రాన్స్‌కు చెందిన వికా 51 శాతం వాటా తీసుకుంది. మరి యజమాని విదేశీయుడైతే బొగ్గు తక్కువ కాలుతుందా?

పాత తడి పద్ధతిలో రాతిపొడిని నీళ్లతో ముద్ద చేసి, దాన్ని కాల్చే కొలిమి అయిన కిల్న్‌లోకి పంపేవారు. ఆ నీటిని ఆవిరి చేయడానికే బోలెడంత వేడి పోయేది. కిలో క్లింకర్‌కు 1,300 కిలోకేలరీలు పట్టేవి (కాల్చాక వచ్చే గడ్డలే క్లింకర్, వాటిని పొడి చేస్తేనే సిమెంటు). పొడి పద్ధతిలో, కిల్న్ నుంచి వచ్చే వేడి వాయువుతో పొడిని ముందే వేడి చేసే ఐదారు దశల ప్రీహీటర్ ఉంటే 700-750 సరిపోతాయి. కిలోకు 4,500 కిలోకేలరీలిచ్చే బొగ్గయితే, టన్ను క్లింకర్‌కు 290 కిలోలు పట్టే చోట 165 కిలోలతో పనైపోతుంది. ఈ పొదుపు యంత్రానిది. యంత్రం కావాలంటే విదేశీ యజమానే ఉండనక్కర్లేదు. జర్మనీ, డెన్మార్క్ సంస్థల యంత్రాలను మనవాళ్లు నడిపే కంపెనీలూ కొనుక్కున్నాయి. దిగుమతికి అడ్డు లేకపోతే ఇంతవరకు ఎవరైనా రాగలరు.

ఆ తర్వాతిదంతా రోజువారీ కాపలా. ప్రీహీటర్ లోపలి పీడనం బయటికన్నా తక్కువ. తలుపు సీలు అరిగినా, ఫ్లాప్ అనే మూత సరిగా మూసుకోకపోయినా బయటి గాలి లోపలికి దూరుతుంది. ఇది కంటికి కనిపించదు, ఆక్సిజన్ కొలిస్తే దొరుకుతుంది. ప్రీహీటర్‌లోకి వచ్చే వాయువులో ఆక్సిజన్ 3 శాతం, బయటికి పోయేదాంట్లో 6 శాతం ఉందనుకుందాం. తేడా 3. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి, 21లోంచి 6 తీస్తే 15. మూడును పదిహేనుతో భాగిస్తే 20 శాతం. అంటే లోపలికి వచ్చే వాయువులో ఐదో వంతుకు సమానమైన గాలిని, దాన్ని లాగే ఫ్యాన్ అదనంగా, అనవసరంగా మోస్తోంది, ఆ చల్లగాలిని వేడి చేయడానికి బొగ్గూ కాలుతోంది. పలు దేశాల్లో ప్లాంట్లున్న సంస్థకు ఇక్కడే అసలు బలం. ఒక ప్లాంటు అంకెను ఇంకో ప్లాంటు అంకె పక్కన పెట్టి, మీది ఎందుకు ఎక్కువని నిలదీయగలదు.

జిల్లా లెక్కలు చూసేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. ఎంత పొదుపైన సిమెంటు ఫ్యాక్టరీ వచ్చినా, రూపాయి ఉత్పత్తికి జిల్లా వాడే ఇంధనం పెరగవచ్చు. ఎందుకంటే సిమెంటే ఇంధనం ఎక్కువ తినే సరుకు. ఆర్థికవేత్తలు జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ 1991లో ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం గురించి రాస్తూ, పర్యావరణంపై వాణిజ్య ప్రభావాన్ని మూడుగా విడదీశారు: ఉత్పత్తి పెరగడం, పరిశ్రమల కూర్పు మారడం, పద్ధతి మెరుగుపడటం. ఇంధనానికీ ఇదే లెక్క పనికొస్తుంది. మూడింటినీ కలిపేసి పెట్టుబడి మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఓర్వకల్లు దగ్గరి సోలార్ పార్కునూ ఇందులో కలపకండి. అది కరెంటు పుట్టించేది, కరెంటు ఆదా వేరే సంగతి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ల పాలిష్ షెడ్లే. అక్కడి పని మోటారుది. 10 హెచ్‌పీ, నాలుగు పోల్‌ల మోటారు ఐఈ1 రకమైతే (ఐఈ పక్కన అంకె పెరిగేకొద్దీ కరెంటు పొదుపు ఎక్కువ) సామర్థ్యం 86 శాతం, ఐఈ3 అయితే 90.4. పూర్తి లోడుతో ఏడాదికి 3,000 గంటలు తిరిగితే తేడా దాదాపు 1,270 యూనిట్లు. పైగా లో వోల్టేజీకి వైండింగ్ కాలిపోతుంది. మాడిన తీగ లాగడానికి కొందరు, తీగ చుట్టి ఉండే ఇనుప భాగమైన స్టేటర్‌ను మంట మీద పెట్టేస్తారు. అందులోని ఇనుప రేకుల మధ్య పూత మాడిపోయి, ఆ ఇనుమే ఇక వేడెక్కుతూ కరెంటు తింటుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ముందుగా, మోటారు బాగున్నప్పుడే, లోడు లేకుండా తిప్పి కరెంటు ఎన్ని ఆంపియర్లో రాసిపెట్టుకోవాలి. వైండింగ్ అయ్యాక మళ్లీ చూడాలి. పెరిగితే, చుట్లు తగ్గించారో ఇనుము పాడైందో షాపులోనే అడగాలి. తీగ గేజి, చుట్ల సంఖ్య పాతవే ఉండాలి.

వాణిజ్యం ఇలాంటి చిన్నవాళ్లకూ అందుతుంది, సరుకు చవకైనప్పుడు. ఎల్ఈడీ బల్బే చూడండి. ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ధర 2014 మొదట్లో 310 రూపాయలు, 2016 నాటికి 38. దిగుమతి చిప్పులు, ఒకేసారి కోట్లలో ఆర్డరు కలిసొచ్చాయి. బల్బు బిగించడానికి నేర్పు అక్కర్లేదు కాబట్టి అది ఇల్లిల్లూ చేరింది. మోటారు సంగతి అలా కాదు, సరైనది ఎంచి, సరిగా బిగించి, కాలితే సరిగా చుట్టే మనిషి కావాలి. ఆ మనిషి పెద్ద ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, బయటికొచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నప్పుడే ఆ నేర్పు గోడ దాటుతుంది.

అందుకే భూమి, నీళ్లు, రాయితీలు ఇచ్చే ఒప్పందాల్లో ఒక షరతు ఉండాలంటాను: ఏడాదికి కొన్ని రోజులు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లు చుట్టుపక్కల షెడ్లకూ, వైండింగ్ షాపులకూ వెళ్లి తీగ తెంపకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో కొలిచి చూపించాలి. కంపెనీకి అయ్యే ఖర్చు వాళ్ల జీతం, జీపు డీజిలు.