లలిత గారి పట్టా నుంచి క్రెష్ గది దాకా

మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1943లో చదువు ముగించిన అయ్యలసోమయాజుల లలిత పట్టాలో ఒక దిద్దుబాటు ఉంది. ఇంగ్లిష్‌లో ‘హీ’ అని అచ్చయిన చోట కొట్టేసి ‘షీ’ అని రాశారు. ఆ కాగితం ఒక ఆడమనిషి చేతికి వెళ్తుందని అచ్చు వేసిన రోజున ఎవరూ అనుకోలేదు. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు ఈ తెలుగింటి ఆడపడుచే.

పదిహేనేళ్లకు పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు, ఒళ్లో నాలుగు నెలల పాప ఉండగా భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ప్రొఫెసర్. ఆయన పట్టుబట్టారు, ప్రిన్సిపాల్ కె.సి. చాకో ఒప్పుకున్నారు, సీటు దొరికింది. ఆమె వెనకే లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. త్రేసియా 1971లో కేరళ పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) చీఫ్ ఇంజినీరు అయ్యారు.

లలిత గారి గురించి ఎవరు చెప్పినా సీటు దగ్గరే ఆగిపోతారు. నాకు ఆ తర్వాతి కథే ముఖ్యం. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం, 1948 నుంచి కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో కొలువు. భాక్రానంగల్ కరెంటు లైన్ల డిజైన్‌లో ఆమె పని ఉంది. 1977లో రిటైరయ్యేదాకా ఉద్యోగం వదల్లేదు. అదెలా కుదిరింది? ఉద్యోగం చేసిన ఊళ్లలో అన్నదమ్ముల కుటుంబాలు అండగా నిలిచాయి, పాప వాళ్ల మధ్యే పెరిగింది. అంటే ఆమె కెరీర్‌ను నిలబెట్టింది పుట్టింటివాళ్లు. ఆ భారం ఇప్పటికీ అక్కడే ఉంది.

చట్టాలు చాలాకాలం ఆడవాళ్లను కాపాడుతున్నామంటూనే పక్కకు నెట్టాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం మహిళల పని ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే ఉండాల్సి వచ్చేది. ప్లాంటులో కొత్త ఇంజినీరు షిఫ్టుల్లో తిరుగుతూనే పని నేర్చుకుంటాడు, తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జ్ అవుతాడు. నైట్ షిఫ్ట్ చేయకూడదంటే ఆ నిచ్చెనలో మొదటి మెట్టే లేనట్టు. 1974లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలో ఆడవాళ్లు దరఖాస్తు చేయొద్దని ఉంటే సుధా కులకర్ణి (తర్వాత సుధామూర్తి) జేఆర్‌డీ టాటాకే కార్డు రాసి, ఉద్యోగం తెచ్చుకున్నారు. షిఫ్టు నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లో కొట్టేసింది. భూగర్భ గనుల్లో మహిళలు పనిచేయడానికి అనుమతి 2019లో గానీ రాలేదు.

1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మన ఇళ్లలో లెక్క మారింది. ఏసీ ఆఫీసు, ఇంటికి దింపే క్యాబ్. ‘ఆడపిల్లకు కంప్యూటర్సే మంచిది’ అన్నారు, వేలమంది చేరారు. బిడ్డ పుట్టాక ఏంటన్నది మాత్రం అలాగే మిగిలింది.

1961 ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు అది 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది) ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మంచి చట్టమే. కానీ నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతేనే ఆ సెలవు డబ్బు ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) నిధి నుంచి వస్తుంది. ఇంజినీర్లలో చాలామంది జీతం ఆ హద్దు దాటుతుంది, కాబట్టి 26 వారాల జీతమూ కంపెనీయే పెట్టుకోవాలి. ఆ ఖర్చు భయంతోనే, పెళ్లెప్పుడని ఇంటర్వ్యూలో ఆరా తీస్తారు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టం ఒక్క రోజు సెలవూ రాయలేదు. పిల్లల పని తల్లిదేనని చట్టమే ఒప్పేసుకున్నట్టయింది. నాకు కోపం తెప్పించేది ఇదే.

నాతో పనిచేసినామె ఒకరు ఉండేవారు, టెస్టింగ్‌లో ఏడేళ్ల అనుభవం. ఆరు నెలలు రాజమండ్రి నుంచి అమ్మ, ఆరు నెలలు అత్తగారు వచ్చి పాపను చూసుకునేవారు. ఆఫీసులో క్రెష్ అని బోర్డున్న గదిలో పాత మానిటర్లు పెట్టి తాళం వేశారు. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన నెలలోనే ఆమె రిజైన్ చేశారు. మూడేళ్ల తర్వాత మరోచోట ఇంటర్వ్యూకి వెళ్తే, ఈ గ్యాప్ ఎందుకొచ్చిందని పదిహేను నిమిషాలు అడిగారట. ఆ ఏడేళ్ల పని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదట.