గురి తప్పితే ముందు నాబ్ జోలికి వెళ్లకండి

రైఫిల్‌కి కొత్త స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించుకుని షూటింగ్ రేంజ్‌కి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే పని చేస్తారు. ఒక షాట్ కొడతారు, అది ఎడమకి పడితే టరెట్‌ని, అంటే స్కోప్ మీద గురిని జరిపే నాబ్‌ని, కుడికి నాలుగు క్లిక్కులు తిప్పుతారు. రెండోది కుడికి పడుతుంది, మళ్లీ వెనక్కి తిప్పుతారు. తూటాల డబ్బా ఖాళీ అవుతుంది, టెన్షన్ పెరుగుతుంది, చివరికి ‘స్కోపే బాలేదు’ అని తేల్చేస్తారు. స్కోప్ నిజంగా పాడయ్యే సందర్భాలు లేకపోలేదు, కానీ తక్కువ. ఎక్కువసార్లు లోపం బిగింపులోనో, కన్ను పెట్టే చోటులోనో, రైఫిల్ వాలులోనో ఉంటుంది. ఎక్కడుందో తెలియాలంటే ముందు కాగితాన్ని చదవాలి.

ఐదు షాట్లు నాబ్ ముట్టుకోకుండా కొట్టండి. ఐదూ దగ్గరదగ్గరగా, కానీ నడిబొట్టుకి దూరంగా పడ్డాయా? అది టరెట్‌తో సరిచేసే తప్పు. ఐదూ చెల్లాచెదురుగా పడ్డాయా? అప్పుడు టరెట్ ఏమీ చేయలేదు. అది గుంపు మొత్తాన్ని పక్కకి జరపగలదే తప్ప గుంపుని దగ్గరికి లాగలేదు. షాట్ షాట్‌కీ నాబ్ తిప్పితే పరిస్థితి ఇంకా చెడుతుంది. అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ ఈ సంగతి చూపించడానికి గరాటులోంచి గోళీలు జారవిడిచే ప్రయోగం చేసి చూపేవారు. గోళీ గుర్తుకి ఎంత దూరంలో పడితే గరాటుని అంత ఎదురుదిశకి జరుపుతూ పోతే, అసలు కదపకుండా ఉంచినప్పటికంటే గోళీలు సుమారు 1.4 రెట్లు ఎక్కువ చెదురుతాయి. సహజంగా వచ్చే చిన్న తేడాని తప్పుగా భావించి దిద్దబోతే, ఆ దిద్దుబాటే రెండో తప్పు అవుతుంది. స్కోప్ విషయంలోనూ లెక్క అదే.

ఒక్క క్లిక్ అంటే ఎంత? స్కోప్ సెంటీమీటర్లు ఎరగదు, దానికి తెలిసింది కోణం మాత్రమే. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ నిమిషంలో పావు వంతు. నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 56 మీటర్ల చార్మినార్ మన కంటికి ఒక్క నిమిషం కోణమంత కనిపించాలంటే దాదాపు 190 కిలోమీటర్ల దూరం వెళ్లాలి, అంటే ఇంచుమించు ఖమ్మం దాకా. అంత సన్నని కోణంలో నాలుగో వంతు 50 మీటర్ల దగ్గర 3.6 మిల్లీమీటర్లు, 100 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లకి కాస్త పైన. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. మూడు క్లిక్కులు అటూఇటూ అయితే ఆ వలయం దాటేసినట్టే. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో స్కోప్ వాడనివ్వరు. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది సన్నని రంధ్రంలోంచి చూసి గురిపెట్టే సైట్లతోనే. బల్ల మీద ఆనించి కొట్టే బెంచ్‌రెస్ట్, ఫీల్డ్ టార్గెట్ లాంటి ఆటల్లో మాత్రం స్కోప్‌దే పెత్తనం.

చెదిరిన గుంపు కనిపిస్తే ముందు స్క్రూలు చూడాలి. రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూసి నిర్ధారించుకుని, బోల్ట్ తీసేసి, అప్పుడు స్కోప్‌ని చేత్తో పట్టి మెల్లగా కదిపి చూడండి. రింగుకీ గొట్టానికీ అడ్డంగా మార్కర్‌తో ఒక సన్నని గీత గీసి పెట్టుకుంటే, కొన్ని షాట్ల తర్వాత ఆ గీత విరిగినట్టు కనిపిస్తే స్కోప్ జారుతున్నట్టు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. వాటిలో పిస్టన్ కదలిక వల్ల తుపాకీ మొదట వెనక్కి, వెంటనే ముందుకి, రెండు వైపులా కుదుపుతుంది. అలాగని స్క్రూలని బలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు పట్టేస్తాయి. తయారీదారు చెప్పినంతే, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి.

స్క్రూలు గట్టిగానే ఉన్నాయి, గుంపు ఇంకా చెదురుతోంది. అప్పుడు అనుమానించాల్సింది పారలాక్స్‌ని. ముందు కటకం టార్గెట్ ప్రతిబింబాన్ని స్కోప్ లోపల ఒకచోట ఏర్పరుస్తుంది. ఆ ప్రతిబింబం సరిగ్గా క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డం, నిలువు గురి గీతలు) ఉన్న తలంలోనే పడితే కన్ను ఎటు జరిగినా రెండూ కలిసే ఉంటాయి. కాస్త ముందో వెనకో పడితే మాత్రం, తల జరిగినప్పుడల్లా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద తేలుతున్నట్టు జరుగుతుంది. ఆ తేడా ఎంతో లెక్క కట్టొచ్చు. 40 మిల్లీమీటర్ల కటకం ఉన్న స్కోప్‌ని 100 మీటర్లకి అమర్చి 50 మీటర్ల టార్గెట్‌ని చూస్తే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు గురి 10 మిల్లీమీటర్ల దాకా తప్పుతుంది. ఇందాక చెప్పిన పది వలయం మొత్తం వెడల్పుకి ఇంచుమించు సమానం! ఇంత తేడా వస్తున్నా చాలామంది ‘నా చెయ్యి వణుకుతోంది’ అనుకుని తమని తాము తిట్టుకుంటారు.

పరీక్షించడం తేలిక. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, చెయ్యి తగలకుండా స్కోప్‌లోకి చూస్తూ తలని కొద్దిగా పైకీ కిందికీ, పక్కలకీ కదపండి. క్రాస్‌హెయిర్ జరిగితే పక్కనుండే ఫోకస్ నాబ్‌నిగానీ ముందు కటకం రింగునిగానీ తిప్పి, కదలిక ఆగేచోట ఉంచండి. నాబ్ మీద అచ్చేసిన అంకెల కంటే కంటికి కనిపించేదాన్నే నమ్మాలి. అయితే దీనికంటే ముందు క్రాస్‌హెయిర్ స్పష్టంగా కనిపించేలా కంటి వైపు కటకాన్ని సరిచేసుకోవాలి. తెల్లగోడ వైపో ఆకాశం వైపో తిప్పి (సూర్యుడి వైపు ఎప్పుడూ వద్దు) ఒక్క క్షణం చూసి కన్ను తీసేయాలి. తదేకంగా చూస్తే కన్నే సర్దుకుపోయి, మసకగా ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపిస్తుంది.

ఇక వాలు. పాయింట్ టూ టూ (.22 అంగుళాల) మ్యాచ్ తూటా సెకనుకి దాదాపు 330 మీటర్ల వేగంతో బయల్దేరి, 50 మీటర్లు దాటేలోపు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. దాన్ని సరిపెట్టడానికే బ్యారెల్ చూపు రేఖ కంటే కొంచెం పైకి ఎత్తి ఉంటుంది. రైఫిల్ కుడికి 3 డిగ్రీలు వాలితే ఆ ఎత్తులో కొంత భాగం పక్కకి మళ్లుతుంది. తూటా 6 మిల్లీమీటర్లు కుడికి పడుతుంది. తూటా అంచు తగిలితే పది పాయింట్లు వస్తాయి గానీ చిన్న గాలి వీచినా పోతాయి. 100 మీటర్ల దగ్గర జారుడు అర మీటరు, పక్క తేడా రెండున్నర సెంటీమీటర్లు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్రాస్‌హెయిర్ రైఫిల్‌కి ఒకటి రెండు డిగ్రీలు వంకరగా బిగిసిందని బెంగపడటం కంటే, ప్రతి షాట్‌కీ క్రాస్‌హెయిర్‌ని ఒకేలా నిటారుగా పట్టడం ముఖ్యం. తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే జీరోలో (గురిపెట్టిన చోటే తూటా పడేలా చేసే సర్దుబాటులో) కలిసిపోతుంది, షాట్ షాట్‌కీ మారితే గుంపుని అడ్డంగా సాగదీస్తుంది. స్కోప్ మీద చిన్న రసమట్టం పెట్టుకుంటే చాలు.

టరెట్ నిజాయతీగా పనిచేస్తోందో లేదో చూడటానికి మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు, దారం పనికొస్తాయి. టార్గెట్ పక్కన వేలాడదీసి, ఆ దారానికి సమాంతరంగా కాగితం మీద నిలువు గీత గీయండి. గీత కింది కొసన ఒక చుక్క పెట్టి, దానికి గురిపెట్టి కొట్టి, 60 క్లిక్కులు పైకి తిప్పి, మళ్లీ అదే చుక్కకి గురిపెట్టండి. 50 మీటర్ల దగ్గర కొత్త గుంపు సుమారు 22 సెంటీమీటర్లు పైన, గీత మీదే పడాలి. గీతకి దూరం జరిగితే క్రాస్‌హెయిర్ వంకర. ఎత్తు తగ్గితే, లేదా వెనక్కి తిప్పినా మొదటి చోటికి రాకపోతే స్కోప్‌ని అనుమానించండి.

మన ఊళ్లో మరో సమస్య ఉంది, ఎండ. సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉన్న దక్కన్ పీఠభూమి మీద, మే నెల 40 డిగ్రీల వేడిలో గాలి, సముద్రతీరంలో 15 డిగ్రీల గాలి కంటే పది శాతానికి పైగా పలచగా ఉంటుంది. పలచని గాలిలో తూటా వేగం తక్కువగా తగ్గి, దెబ్బ కాస్త పైకి పడుతుంది. దానికంటే కంటిని మోసం చేసేది ఎండమావి. కాలిన నేల మీది వేడిగాలిలో కాంతి వంగి, టార్గెట్ ఉన్నచోట కాకుండా కాస్త పక్కన కనిపిస్తుంది. మ్యాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ ఆ కదలాట ఎక్కువ కనిపిస్తుంది, తగ్గిస్తే చూపు నిలకడగా ఉంటుంది. వరసగా కొడితే వేడెక్కిన బ్యారెల్ కూడా స్కోప్ ముందు ఇలాంటి ఆవిరినే లేపుతుంది. అందుకే చాలామంది దాని మీద పొడవాటి పట్టీ అడ్డం పెడతారు. జీరో చేసే పని ఉంటే ఉదయాన్నే, నేల వేడెక్కకముందే రేంజ్‌కి వెళ్లండి. ఆ రోజు ఉష్ణోగ్రత, తూటా బ్రాండు, బ్యాచ్ నంబరు టరెట్ అంకె పక్కనే రాసి పెట్టుకోండి.