ఓటుకీ రేషన్ బియ్యానికీ ఉన్న లంకె: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉపాధి హామీ పనులు నిజంగా జరిగాయో లేదో ఊరి జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీ పనిలో పదమూడేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లడం, కూలీలు చెప్పింది రాసుకోవడం, పని జరిగిన చోట టేపు పెట్టి గుంతలు కొలవడం నా పని. అరుగుల మీద కూర్చున్నప్పుడు పదే పదే చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: పథకాలు నాయకుల దయ. ఇస్తే తీసుకోవాలి, లేకపోతే ఊరుకోవాలి.

వాస్తవం: కిలో రెండు రూపాయల బియ్యం కథే చూడండి. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి, ఆ హామీతో ఊరూరా తిరిగారు. ఎన్నికలు దగ్గరపడేసరికి అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకే ఇస్తామంది. పది పైసలు తక్కువ! ఎవరి గుండో కరిగి ఆ ధర దిగలేదు, ఓట్లు అటు పోతాయన్న భయంతో దిగింది. 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచారు, పథకం అమలైంది. తర్వాత ధర పెరిగితే 1994 ఎన్నికల్లో మళ్లీ అదే హామీ ముందుకొచ్చింది. మళ్లీ పెరిగింది. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి తిరిగి రెండు రూపాయలకు తెచ్చారు. 2011లో రూపాయి అయింది. ధరతో ఆడుకున్నవాళ్లు ఉన్నారు గానీ, పథకాన్నే ఎత్తేసే ధైర్యం ఎవరికీ చాలలేదు.

పింఛను సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 ఎన్నికల తర్వాత 200 కాస్తా 1000 అయింది. 2019 ఎన్నికల ముందు 2000, 2024 ఎన్నికల ముందు 3000, అవి ముగిశాక 4000. ఇక దయ అన్న మాటకు చోటెక్కడుంది?

అపోహ: ప్రజాస్వామ్యం లేని చోట సంక్షేమం పుట్టనే పుట్టదు.

వాస్తవం: పుట్టింది. జర్మనీలో చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) బిస్మార్క్ 1883లో జబ్బు చేసిన కార్మికులకు బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. ఆయన జవాబుదారీ చక్రవర్తికే, జనానికి కాదు. 1878లో సోషలిస్టుల సంఘాలనూ సభలనూ నిషేధించిన మనిషే, కార్మికులు వాళ్ల వెంట పోకుండా ఈ చట్టాలు చేశాడు. అయితే అప్పటికే అక్కడ మగవాళ్లందరికీ ఓటుంది. అది మరిచిపోకూడదు.

అపోహ: అంతా అసెంబ్లీలోనే తేలుతుంది.

వాస్తవం: బడిలో మధ్యాహ్న భోజనాన్ని తమిళనాడులో ఎంజీఆర్ 1982లో పెద్దయెత్తున నడిపారు. మిగతా రాష్ట్రాలు చాలావరకు పొయ్యి వెలిగించింది మాత్రం, ఆహార హక్కు కేసులో 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాకే. ఆ కేసు వేసింది పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ.

అపోహ: ఓటేస్తే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాటే. వృద్ధాప్య పింఛనులో కేంద్రం తన వాటాను 2006లో 200 రూపాయలు చేసింది. ఆ తర్వాత నాలుగు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 80 ఏళ్ల లోపువారికి అది ఇంకా 200 దగ్గరే ఉంది. డబ్బు చేతికందేటప్పుడు అవ్వకు గుర్తొచ్చేది ముఖ్యమంత్రే, అందులో ఢిల్లీ ఇచ్చేదెంతో ఆమెకు ఎవరూ చెప్పరు. ఎవరిని అడగాలో తెలియనప్పుడు ఓటు పదును తగ్గుతుందని నా నమ్మకం.

అలా అడగడానికే 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక దారి పెట్టింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. పనులను తనిఖీ చేసే అధికారం గ్రామసభదేనని చట్టం 17వ సెక్షనులోనే రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో అందుకోసం విడిగా ఒక సంస్థనే పెట్టింది.

ఒక ఊళ్లో మస్టరు చదువుతుంటే ఒక అవ్వ ఆపమంది. ఆమె పేరు మీద పన్నెండు రోజుల పని ఉంది. "ఆ రోజులన్నీ నేను ఆస్పత్రిలో ఉంటి నాయనా, కోడలి కానుపుకు" అంది. జాబ్ కార్డు తెచ్చింది, ఆ రోజుల దగ్గర ఖాళీ. మండలంలో ప్రజావేదిక (తనిఖీలో తేలినవాటిపై బహిరంగ విచారణ) జరిగిన రోజు మైకు ఆమె చేతికిచ్చాం. కాసేపు మాట రాలేదు, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత ఒక్కటే అడిగింది: "నేను పోని పనికి నా పేరు ఎవరు రాసినారు?"

అంతవరకూ కాగితాలు తిరగేస్తున్న అధికారి తలెత్తారు. మస్టర్లు రాసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను పిలిపించి, ఆ డబ్బు తిరిగి కట్టాలని అక్కడికక్కడే రికవరీ రాయించారు. ఆ డబ్బంతా వసూలైందని చెప్పను. కాగితం మీదే ఉండిపోయే రికవరీలు చాలా ఉంటాయి, నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

మరుసటి ఏడు అదే ఊరికి తనిఖీకి వెళ్లాం. బస్సు దిగేసరికే అవ్వ వేపచెట్టు కింద కూర్చుని ఉంది. ఆమె చుట్టూ ఇంకో పదిమంది ఆడవాళ్లు, ప్రతి ఒక్కరి చేతిలోనూ జాబ్ కార్డు. "మా పేర్ల కింద ఏముందో ముందు మాకు చదివి ఇనిపించు" అన్నారు.